పది అణు క్షిపణులు ఆగిన ఉదయం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1967లో అమెరికాలో ఎగిరే పళ్ళెం ఒకటి వచ్చి పది అణు క్షిపణుల్ని ఆపేసిందని యూట్యూబ్‌లో చూశాను. ఇందులో నిజమెంత? (ఖమ్మం)

జవాబు: క్షిపణులు ఆగాయి, అందులో అనుమానం లేదు. మోంటానా రాష్ట్రం, మాల్మ్‌స్ట్రోమ్ వైమానిక స్థావరం. 1967 మార్చి 16 ఉదయం 8:45 ప్రాంతంలో ‘ఎకో ఫ్లైట్’ అనే గుంపులోని పది మినిట్‌మన్ క్షిపణులూ దాదాపు ఒకేసారి ‘నో-గో’లోకి వెళ్ళాయి. అంటే ఆ క్షణంలో మీట నొక్కినా లేవవు. పళ్ళెం సంగతి వేరు. ఆ క్షిపణి దళం అప్పట్లో రాసుకున్న చరిత్రలోనే యూఎఫ్ఓ (గుర్తుతెలియని ఎగిరే వస్తువు) పుకార్ల ప్రస్తావన ఉంది. ఆ ఉదయం నవంబర్ అనే మరో ఫ్లైట్ సైలోల (క్షిపణులుండే భూగర్భ గోతుల) దగ్గరికి వెళ్ళిన భద్రతా బృందాన్ని అడిగితే వింతేమీ కనబడలేదన్నారని, పుకార్లు నిజం కాదని తేలిందని అందులో రాశారు. కాబట్టి పుకారు తర్వాతెప్పుడో పుట్టిందనడమూ తప్పే, అధికారులు ఒప్పుకున్నారనడమూ తప్పే.

వీడియోల్లో ఎక్కువగా వినబడేది మాజీ అధికారి రాబర్ట్ సలాస్ కథనం. గేటు దగ్గర ఎర్రటి వెలుగు ఉందని పైనున్న కాపలావాళ్ళు ఫోన్ చేశారని, ఆ వెంటనే క్షిపణులు ఆగాయని ఆయన చెబుతారు. ఆయన అప్పుడు భూమికి సుమారు 60 అడుగుల లోతున, కిటికీ అన్నది లేని క్యాప్సూల్ అనే నియంత్రణ గదిలో ఉన్నారు. ఆ వెలుగును కళ్ళారా చూడలేదు. పైగా ఆ ఘటన జరిగింది ఎకోలో అని ముందు, నవంబర్ ఫ్లైట్ అని తర్వాత, చివరికి ఓస్కార్ ఫ్లైట్ అని చెప్పారు. తేదీ కూడా మార్చి 24కు మారింది. ఆయన అబద్ధమాడుతున్నారని మేమనం. దాదాపు ముప్పయ్యేళ్ళ తర్వాత బయటపెట్టిన జ్ఞాపకాన్నీ, అప్పట్లోనే రాసిన రికార్డునూ ఒకే తక్కెడలో మాత్రం పెట్టలేం.

ప్రశ్న: ఒక్కో క్షిపణి ఒక్కో సైలోలో, మైళ్ళ దూరంలో ఉంటుందంటారు. మరి పదీ ఒకేసారి ఎలా చెడతాయి? (విజయవాడ)

జవాబు: అసలు ప్రశ్న ఇదే. సైలోల మధ్య కనీసం మూడు మైళ్ళు ఉన్నా, పదింటినీ భూమిలో పాతిన కేబుళ్ళతో ఒకే నియంత్రణ కేంద్రానికి కలిపారు. క్షిపణిలోని గైడెన్స్ యంత్రాంగం పగలూ రాత్రీ తిరుగుతూ తనను తాను పరీక్షించుకుంటుంది, తేడా కనిపిస్తే తనంతట తానే ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో క్యాప్సూల్‌లోని ఇద్దరు అధికారులకు ముందే రికార్డు చేసిన గొంతు ఛానల్ నంబరుతో చెబుతుంది. ఆ రోజు వచ్చినవి 9, 12. ఇవి గైడెన్స్ ఆగడానికీ, లాజిక్ కప్లర్ అనే భాగానికీ సంబంధించినవి.

సియాటిల్‌లో బోయింగ్ ఇంజినీర్లు దీన్ని తిరిగి పుట్టించి చూశారు. స్వీయపరీక్ష ఆదేశం నడిచే చోట కప్లర్‌లోకి 10 వోల్టుల పల్స్‌ను 30 మైక్రోసెకన్లు పంపితే క్షిపణి ఆగి, అవే రెండు నంబర్లు చెప్పింది. సైలోల్లో ఏ భాగమూ మార్చకుండానే పదింటినీ తిరిగి అలర్ట్‌లోకి (ప్రయోగానికి సిద్ధంగా ఉండే స్థితిలోకి) తెచ్చారన్నది గుర్తుంచుకోండి. కాలిపోయినదేమీ లేదు, తప్పుడు సంకేతం దూరింది, అంతే. ఆ పల్స్ ఎక్కడ పుట్టిందన్నది మాత్రం అప్పుడు తేలలేదు. కథలన్నీ దూరేది ఈ సందులోనే. విద్యుదయస్కాంత పల్స్‌ను పరీక్షించే పరికరం వల్లే సలాస్ చెప్పిన ఘటన జరిగిందని పెంటగాన్ విచారణలో తేలినట్టు 2025లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ పరీక్ష కాగితాలు చూడందే మేం దాన్ని చివరి మాటగా తీసుకోం.

ఇలాంటిది మళ్ళీ జరిగింది కూడా. 2010 అక్టోబరు 23న వ్యోమింగ్‌లోని వారెన్ స్థావరంలో ఏకంగా 50 మినిట్‌మన్-3 క్షిపణులతో ముప్పావు గంటసేపు సంబంధాలు తెగాయి. కారణం, ఒక కంప్యూటర్‌లో కదిలిపోయిన సర్క్యూట్ కార్డు. అక్కడా యూఎఫ్ఓ కనిపించిందన్నవాళ్ళు ఉన్నారు లెండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రెండల్‌షమ్ అడవిలో రేడియేషన్ కూడా కొలిచారట కదా? (బెంగళూరు)

జవాబు: కొలిచారు. 1980 డిసెంబరు చివర్లో వుడ్‌బ్రిడ్జ్ స్థావరం పక్క అడవిలో వెలుగులు కనిపించాయి. అక్కడ అణ్వాయుధాలు ఉన్నదీ లేనిదీ చెప్పకపోవడం బ్రిటన్ ప్రభుత్వానికి అలవాటు. స్థావరం ఉపకమాండర్ కల్నల్ హాల్ట్ నివేదికలో ఉన్న రేడియేషన్ 0.1 మిల్లీరాంట్‌జెన్. వాడిన మీటర్‌లో అతి చిన్న స్కేలే 0.5 వరకు ఉంటుంది. దాని అడుగున ముల్లు కాస్త ఊగినా అర్థం తీయలేం. హాల్ట్ అడవిలో తిరుగుతూ రికార్డు చేసిన టేపు ప్రకారం ఆ వెలుగు ఐదేసి సెకన్లకు మెరుస్తుంది. సుమారు 8 కిలోమీటర్ల దూరంలో, అదే దిక్కున ఉన్న ఆర్ఫర్డ్‌నెస్ లైట్‌హౌస్ కూడా ఐదు సెకన్లకోసారే మెరిసేది. వెలుగులు మొదట కనిపించిన రాత్రే, మూడు గంటలప్పుడు దక్షిణ ఇంగ్లండ్ మీద పెద్ద ఉల్క మెరిసింది.

ప్రశ్న: అణు స్థావరాల దగ్గరే ఎందుకు కనిపిస్తాయి? (కర్నూలు)

జవాబు: ఊరి దీపాలకు దూరంగా, రాత్రంతా ఆకాశం కేసి చూడ్డానికి జీతమిచ్చేది అక్కడే. తేడాగా ఏది కనిపించినా పైకి చెప్పితీరాలి, చెప్పింది ఫైల్లోకి ఎక్కుతుంది. మన పొలంలో రైతు చూసిన వెలుగుకు ఫైలు ఉండదు.

ప్రశ్న: నాకే అలాంటిది కనబడితే ఏం చేయాలి? (వికారాబాద్)

జవాబు: మీ జిల్లాకు ఇది కొత్త కాదు. 2022 డిసెంబరులో మొగిలిగుండ్లలో దిగిన వింత వస్తువు హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి బెలూన్‌తో వదిలిన ప్రయోగ క్యాప్సూల్. ముందు టైము చూసుకోండి, నిమిషంతో సహా. దిక్కు రాసుకోండి. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే వెడల్పు సుమారు 10 డిగ్రీలు, దాంతో నేల నుంచి ఎత్తు కొలవండి. కరెంటు స్తంభం అంచుకు వెలుగును ఆనించి పది నిమిషాలు చూడండి. రెండు డిగ్రీలకు కాస్త పైన జరిగితే అది చుక్కో గ్రహమో. పొద్దుగూకాక వరుసగా పోయే చుక్కలు స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు. వీడియోలో గోడో చెట్టో తప్పక పడాలి, జూమ్ వద్దు: ఫోకస్ తప్పితే చుక్క కాస్తా పళ్ళెంలా ఉబ్బుతుంది. పక్కవాళ్ళతో మాట్లాడకముందే ఎవరికి వారు రాసుకోవాలి. ఫైలును వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, తీసిన సమయం వివరాలూ పోతాయి. అసలు ఫైలు ఫోన్లోంచి తుడిచేయకండి.