నెలగంట పెట్టాక బండి ఎందుకు మూలుగుతోంది?

బండి కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు తణుకు మెకానిక్ జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన హెడ్మాస్టర్ని. మా అబ్బాయి బలవంతం మీద మొన్న ఎండాకాలంలో ఎలక్ట్రిక్ కారు కొన్నాం. దసరా దాకా చడీచప్పుడూ లేదు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి ఒకటే శబ్దాలు. శనివారం తెల్లవారుజామున వాడపల్లి బయల్దేరదామని బటన్ నొక్కితే కింద ఎక్కడో టక్, టక్‌మంటుంది. వీధి మలుపులో మొదటిసారి బ్రేకు తొక్కితే గర్రుమని రాసుకున్న చప్పుడు. స్పీడు బ్రేకర్ ఎక్కితే కిర్రుకిర్రు. రాత్రి ఛార్జింగు పెట్టి పడుకుంటే అర్ధరాత్రప్పుడు షెడ్డులోంచి జుయ్యిమని మోత. సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే "ఏం లేదండి, అన్ని బళ్ళకీ ఇంతే" అని పంపేశారు. మా ఆవిడ ఈ బండి ఎక్కనంటోంది. ఏడు శనివారాల మొక్కు సగంలో ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు, అంబాజీపేట

జవాబు: మాస్టారూ, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. మొక్కు ఆపక్కర్లేదు, బండి ఎక్కొచ్చు. మీరు రాసిన నాలుగు చప్పుళ్ళలో మూడు చాలావరకు బండి తన పని తాను చేసుకుంటున్నప్పుడు వచ్చేవే. స్పీడు బ్రేకర్ దగ్గర కిర్రుమనేది మాత్రం చూపించుకోవాలి. అదీ తొందరేం లేదు. అయితే "అన్ని బళ్ళకీ ఇంతే" అని పంపెయ్యడం నాకు నచ్చలేదు. చప్పుడు ఎందుకు వస్తోందో చెప్పడం మెకానిక్ బాధ్యత. డబ్బు పోసి బండి కొన్న పెద్దాయన తెల్లవారుజామున భయపడుతూ డ్రైవింగ్ చెయ్యకూడదు.

చలి మీ బ్యాటరీని ఏదో చేసిందేమో అన్న అనుమానం ఉంటే తీసెయ్యండి. కోనసీమలో నెలగంట రోజుల్లో తెల్లారుజామున మామూలుగా ఉండేది 17, 18 డిగ్రీలు. మనకి దుప్పటి కావాలి గానీ లిథియం బ్యాటరీకి అది చలి కిందే లెక్క కాదు. దానికి అసలు ఇబ్బంది సున్నా డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అంత చలిలో ఛార్జింగు పెడితే సెల్ లోపల లిథియం పూతలా పేరుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, బండే కరెంటు తగ్గించి తీసుకుంటుంది. మన డెల్టాలో ఆ అవసరమే రాదు.

మరి ఈ చప్పుళ్ళన్నీ ఇప్పుడే ఎందుకు అంటే, కొన్ని కొత్తగా వచ్చాయి, కొన్ని ఎప్పట్నుంచో ఉన్నవే మీకు ఇప్పుడు వినపడుతున్నాయి. డీజిల్ ఇంజిను రైస్ మిల్లు లాంటిది, అది ఆడుతున్నంతసేపూ పక్కవాడి మాట వినపడదు. మీ బండిలో ఆ మోత లేదు. పైగా వేసవిలో అద్దాలు బిగించి ఏసీ ఫుల్లుగా పెట్టుకుని తిరిగారు. ఇప్పుడు ఏసీ లేదు, రోడ్డు మీద జనం లేరు. మంచు పట్టిన ఉదయాల్లో నేలకి దగ్గరగా చల్లగాలి, దాని పైన కాస్త వెచ్చటి గాలి ఉంటాయి. ఆ రెండింటి మధ్య శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. కాలవ అవతల గుళ్ళో మైకులో తిరుప్పావై మీ అరుగు మీదికి అంత స్పష్టంగా వినపడేది అందుకే.

టక్, టక్ సంగతి. బ్యాటరీకీ మోటారుకీ మధ్య కాంటాక్టర్లని పెద్ద స్విచ్చులుంటాయి. బండి ఆపగానే అవి విడిపోయి బ్యాటరీని మిగతా బండి నుంచి వేరు చేస్తాయి, మళ్ళీ బటన్ నొక్కితే అతుక్కుంటాయి. వందల వోల్టుల కరెంటుని కలిపే స్విచ్చు కాబట్టి ఆ మాత్రం చప్పుడు చేస్తుంది. ఛార్జింగు మొదలైనప్పుడూ ఆగినప్పుడూ కూడా అదే టక్కు వినిపిస్తుంది. అది ఆగకుండా టకటకమంటూ ఉన్నా, లేదా టక్‌మన్నాక బండి కదలకుండా డ్యాష్‌బోర్డులో ఎర్ర గుర్తు వెలిగినా అప్పుడు టెన్షన్ పడాలి.

బ్రేకు దగ్గర గర్రు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లో ఎలక్ట్రిక్ బండి కొన్నవాళ్ళు దీన్నే సరిగ్గా పట్టించుకోవడం లేదు. బ్రేకు డిస్కు పోత ఇనుము. రాత్రంతా మంచు కురిస్తే తెల్లారేసరికి దాని మీద పల్చగా తుప్పు పడుతుంది. పెట్రోలు బండికీ పడుతుంది గానీ, అది రోజంతా బ్రేకులతోనే ఆగుతుంది కాబట్టి వెంటనే తుడిచిపెట్టుకుపోతుంది. మీ బండిలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యగానే మోటారే డైనమోలా మారి కరెంటు పుట్టిస్తూ వేగం తగ్గిస్తుంది. బ్రేకు ప్యాడ్లకి పని తక్కువ, తుప్పు అలాగే ఉండిపోతుంది. ఇక మీరు రాత్రి ఛార్జింగు పెట్టి నూటికి నూరు నింపుతున్నారు. నిండిన బ్యాటరీలో ఆ కరెంటు పట్టే చోటు లేదు. అందుకని బయల్దేరిన మొదటి కొన్ని కిలోమీటర్లు మోటారు వేగాన్ని అంతగా ఆపదు, అసలు బ్రేకులే పని చెయ్యాల్సి వస్తుంది. తుప్పు పట్టిన డిస్కు, చాలాసేపటికి పని తగిలిన ప్యాడ్లు. ఆ గర్రుమనేది ఇదే.

బయల్దేరిన వెంటనే, వెనకా ముందూ ఎవరూ లేని చోట మెల్లగా వెళ్తూ నాలుగైదుసార్లు బ్రేకు గట్టిగా తొక్కండి. చప్పుడు పోతే తుప్పే. రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళినా పోకపోయినా, స్టీరింగు వణికినా, బండి ఒక పక్కకి లాగినా ఆలస్యం చెయ్యకండి. రోజూ తిరిగేదానికి 80 శాతం దగ్గర ఛార్జింగు ఆగేలా పెట్టుకుంటే బ్యాటరీకీ మంచిది. మన ఉప్పుగాలికి, తేమకి, పని లేని బ్రేకుల్లో క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కి పట్టే భాగం) పిన్నులు బిగుసుకుపోతాయి. ఎలక్ట్రిక్ బండికి సర్వీసు ఏముంటుంది అనుకుని చాలామంది ఇది మానేస్తున్నారు. ఏడాదికోసారి, వర్షాలు తగ్గాక, ఆ పిన్నులు విప్పించి శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. దగ్గరుండి చేయించండి.

అర్ధరాత్రి జుయ్యిమనేది నీళ్ళ పంపు, దాంతో పాటు ఫ్యాను. ఛార్జింగులో బ్యాటరీ, ఛార్జరు వేడెక్కుతాయి, వాటి చుట్టూ కూలెంటు తిప్పడానికి పంపు తిరుగుతుంది. ఛార్జింగు అయిపోయాక కూడా కాసేపు తిరుగుతుంది. ఒక్కోసారి ఛార్జింగు పెట్టకపోయినా బండి దానంతటదే లేచి, లైట్లకీ తాళాలకీ కరెంటిచ్చే చిన్న 12 వోల్టుల బ్యాటరీని పెద్ద బ్యాటరీతో నింపుకుంటుంది. అప్పుడూ ఒక టక్కు, సన్నటి మోత వినపడతాయి. రోజూ పదేపదే అలా లేస్తుంటే ఆ చిన్న బ్యాటరీ నీరసించిందేమో చూపించండి.

జుయ్యిమనేది కాకుండా గీరుతున్నట్టు, కొరుకుతున్నట్టు ఉంటే మాత్రం వెంటనే చూడాలి. సార్వా కోతలు అయ్యాక చేలల్లో ఎలుకలు, పందికొక్కులు ఇళ్ళ మీద పడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి ఛార్జింగు పెట్టిన బండి కింద వెచ్చగా ఉంటుంది, అవి అక్కడ చేరతాయి. షెడ్డులో ధాన్యం బస్తాలు, కొబ్బరి డొక్కలు ఉంటే తీయించెయ్యండి. వారానికోసారి బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. నారింజ రంగు తొడుగు ఉన్న తీగల్ని మాత్రం మీరు గానీ, మామూలు ఎలక్ట్రీషియన్ గానీ చేత్తో ముట్టుకోవద్దు. ప్రాణం తీసే కరెంటు ఉండేది వాటిలోనే. ఆ తొడుగు మీద పంటిగాటు కనపడితే బండి స్టార్ట్ చెయ్యకండి, ఛార్జింగు కూడా పెట్టకండి. కంపెనీ వాళ్ళని ఇంటికే పిలిపించండి.

ఇక కిర్రుకిర్రు. మధ్యాహ్నం ఎండకి సాగిన ప్లాస్టిక్ తెల్లారేసరికి ముడుచుకుంటుంది, సస్పెన్షన్‌లో రబ్బరు బుష్షులు కాస్త గట్టిపడతాయి. వందల కిలోల బ్యాటరీ మోసే బండి కాబట్టి ఆ బుష్షుల మీద బరువూ ఎక్కువే. తెల్లవారుజామున బండి కదల్చకముందు ఎవరినైనా ఒక్కో మూల పట్టుకుని కిందికి నొక్కమనండి, మీరు పక్కన వంగి వినండి. ఏ మూల కిర్రుమంటుందో దొరికిపోతుంది. అక్కడ రబ్బరు మీద కాస్త నీళ్ళు చల్లితే చప్పుడు ఆగిందా, దోషి ఆ బుష్షే. ఇంజిను ఆయిలు, మామూలు గ్రీజు మాత్రం పూయనివ్వకండి, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.

సర్వీసు సెంటరులో మళ్ళీ "ఏం లేదండి" అనకుండా ఉండాలంటే ఒక పని చెయ్యండి. మీరు అంబాజీపేట నుంచి బయల్దేరి అక్కడికి చేరేసరికి పది గంటలవుతుంది. ఎండ వచ్చేసి, రోడ్డు మీద ఊగి ఊగి రబ్బరు మెత్తబడి, చప్పుడు పోతుంది. వాళ్ళు విందామన్నా వినపడదు. అందుకని ముందురోజు సాయంత్రమే బండి అక్కడ వదలండి. రాత్రంతా ఆరుబయట ఉంచమని, తెల్లారి చల్లగా ఉండగానే మెకానిక్ నడిపి చూడాలని జాబ్ కార్డు మీద రాయించండి. మా షాపులో చలికాలం చప్పుళ్ళకి నేను పాటించే పద్ధతి ఇదే. ఇంకో పద్ధతితో అవి పట్టుబడటం నేను చూడలేదు.

ప్రశ్న: నమస్తే అండి. మాది భీమవరం. రోజూ నా ఎలక్ట్రిక్ కారులో ఆకివీడు వెళ్ళొస్తాను. చలికాలం మొదలయ్యాక యాభై దాటితే ఊఁ... అని మూలుగు, స్పీడు పెరిగేకొద్దీ అదీ పెరుగుతోంది. షోరూములో టైర్ల శబ్దం అంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక బ్యాంకు ఉద్యోగిని, భీమవరం

జవాబు: నమ్మే ముందు పరీక్ష చేసుకోమ్మా. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద ఆ మూలుగు వచ్చే వేగంలో స్టీరింగు కొద్దిగా ఎడమకి, కొద్దిగా కుడికి తిప్పు. బరువు ఒక పక్కకి ఒరిగినప్పుడు మూలుగు పెరిగి, రెండో పక్కకి ఒరిగినప్పుడు తగ్గితే అది వీల్ బేరింగే అయ్యే అవకాశం ఎక్కువ. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే గొంతు మారితే టైరు. యాక్సిలరేటర్ మీద కాలు వేసినప్పుడూ తీసినప్పుడూ మారితే మోటారు వైపు, గేర్ల వైపు చూడాలి.

నీ దారి నాకు తెలుసు. చేపల లారీలు, రొయ్యల లారీలు రోడ్డు పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతుంటాయి. ఆ ఉప్పునీళ్ళు సీలు దాటి బేరింగులోకి దిగితే అది ఎక్కువ కాలం ఉండదు. చలి తగ్గితే పోతుందిలే అని సంక్రాంతి దాకా ఆగొద్దు. బండిని లిఫ్టు మీద ఎత్తి ఒక్కో చక్రం చేత్తో తిప్పి చూపించమని అడుగు. అలా చూడకుండా టైరు అని చెప్తే ఒప్పుకోకు. వారానికోసారి బండి కింద మంచినీళ్ళతో కడిగించడం కూడా అలవాటు చేసుకో.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో తణుకు నుంచి లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. అక్కడి చలికి ఎలక్ట్రిక్ కారు ఏమైనా ఇబ్బంది పెడుతుందా?
– తణుకు పాఠకుడు

జవాబు: నిక్షేపంగా వెళ్ళిరండి. అక్కడ తెల్లవారుజామున నిజమైన చలి ఉంటుంది, కొన్ని రాత్రులు సున్నాకి దగ్గరగా పోతుంది. రేంజ్, అంటే ఒక ఛార్జింగుకి బండి నడిచే దూరం, తగ్గుతుంది, హీటరు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఫాస్ట్ ఛార్జింగు నెమ్మదిస్తుంది. అద్దానికి ఆవిరి పట్టి డీఫాగర్ నొక్కితే చాలా బళ్ళలో ఏసీ కంప్రెసర్ తిరిగి జుయ్యిమంటుంది. చలిలో ఏసీ ఎందుకని కంగారు పడొద్దు, గాలిలో తేమ లాగేది అదే. టైర్లలో గాలి సుమారు ప్రతి 5, 6 డిగ్రీల చలికీ ఒక పీఎస్ఐ పడిపోతుంది, కొండెక్కాక ఉదయం బండి కదల్చకముందు చూసుకోండి. తిరుగు ప్రయాణానికి పైన నూరు శాతం నింపుకోవద్దు. నిండిన బ్యాటరీతో ఘాట్ దిగితే మోటారు వేగాన్ని ఆపలేదు, బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాగిపోతాయి. 80 శాతం చాలు, దిగేటప్పుడు నర్సీపట్నం వైపు వచ్చేసరికి బ్యాటరీ కాస్త నిండుతుంది కూడా.