తాతగారిని కాదు, వెనక గోడ చూడు

విజయనగరం

చి. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. బొబ్బిలిలో మీ తాతగారు కొట్టు ముందు 1965లో తీయించుకున్నదని మీ నాన్నగారు అంటున్నారట. బోర్డు మీద ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంది కాబట్టి అసలు బొబ్బిలే కాదని నీ వాదన. ఊరి విషయంలో నాన్నగారే రైటు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. అలాగని ఫోటో 79కి ముందుదేనని తేల్చెయ్యకు. జిల్లా మారిందని మర్నాడే బోర్డు రాయించే కొట్టువాడు మన వైపు ఎవడున్నాడు?

సంవత్సరం మాత్రం కుదరదు. తాతగారి భుజం వెనక గోడ మీద ఆవూ దూడా బొమ్మ సగం కనిపిస్తోంది, చూశావా? కాంగ్రెస్‌కి ఆ గుర్తు 1971 ఎన్నికలప్పుడు వచ్చింది. దానికి ముందు కాడెద్దులు, 1978 నుంచి హస్తం. అంటే ఫోటో 71కి ముందుది కాదు. ఎప్పటిలోగా తీశారన్నది ఆ గోడ చెప్పదు. వెల్ల వెయ్యకపోతే ఎన్నికల బొమ్మ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

ఏ ఫోటోలోనైనా అన్నిటికన్నా కొత్త వస్తువేదో పట్టుకో. పాతవాటితో పని జరగదు. మా ఊరి ఫోటో అనగానే అందరూ గంటస్తంభం చూపిస్తారు. అది 1885 నుంచీ అక్కడే ఉంది, దాంతో ఏం తేలుతుంది? అదే పక్కన ‘ఏపీ 35’ నంబరు స్కూటరుంటే, 1989 తర్వాతదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, మా జిల్లా బళ్ళకి ఆ రకం నంబర్లు అంతకుముందు లేవు.

ఫోన్‌తో తీసిన కాపీ చాలదు. ఫ్రేములోంచి జాగ్రత్తగా తీసి 1200 డీపీఐలో స్కాన్ చేయించు. అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకు, అద్దంతోనే చేయించు. కొన్ని ప్రింట్లు కుడిఎడమలు తిరగబడి ఉంటాయి. బోర్డు లేని ఫోటోల్లో చొక్కా జేబు ఎటుందో చూసుకో. వెనక వైపు పెన్నుతో రాసిన తేదీని తొందరపడి నమ్మకు, ఎవరు ఎప్పుడు రాశారో ఏమో.

తర్వాత తాతగారి మొహం లేకుండా వెనక భాగం ఒక్కటే పెద్ద ప్రింటు తీయించి, ఆ వీధిలో పెద్దవాళ్ళకి చూపించు. మొహం కనబడిందంటే ఆయన కబుర్లే చెబుతారు, కొట్టు సంగతి ఎత్తరు. పక్క కొట్టు ఎవరిది, ఎప్పుడు మూసేశారు అని అడుగు. వెళ్ళేముందు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మావయ్య