ముందు కూర్చో, ఆ తర్వాతే ఫొటో

చిరంజీవి బుజ్జికి,
అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఫర్నిచర్ ఎగ్జిబిషన్‌కి ఒక్కదానివే వెళ్తున్నావని చెప్పాడు. కొత్త క్లయింటు ఇంటికి సోఫాలూ కుర్చీలూ అన్నీ అక్కడే ఎంచుకుని వస్తావట. "అచ్చం నీ పోలికే అక్కా, చెప్తే వినదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక సంతోషంతో ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. పడుకున్నాక మాత్రం నిద్ర రాలేదు. నా శాంపిల్ పుస్తకాల్లోంచి వెల్వెట్ ముక్కలు కత్తిరించి బొమ్మలకి దుప్పట్లు కుట్టిన పిల్లవి, ఇప్పుడు అదే వెల్వెట్ మంచిదో కాదో తేల్చడానికి వెళ్తున్నావు.

అడక్కుండా సలహాలిస్తే నీకు చిరాకని తెలుసు. అయినా ఇస్తున్నాను.

మెత్తటి బూట్లు వేసుకో. గది కొలతలు, తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి ఎత్తు కాగితం మీద రాసుకుని వెళ్లు. నచ్చినదాని పేరు ఆ స్టాల్ వాళ్లిచ్చిన కార్డు వెనకే అప్పటికప్పుడు రాయి, సాయంత్రానికి సోఫాలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. మధ్యాహ్నం తిండి మానకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. ఇది మీ నాన్నకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

నాకప్పటికి నీకంటే రెండు మూడేళ్లు ఎక్కువ ఉంటాయేమో. ఇంటీరియర్ డిజైనర్‌గా చేతికొచ్చిన మొదటి పెద్ద పని అది. ఇంట్లో ముగ్గురే, భార్యా భర్తా, ఆయన తల్లీ. ఆ పెద్దావిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. రంగుల గురించి, బట్టల గురించి కొడుకూ కోడలూ గంటసేపు మాట్లాడారు. ఆవిడ ఒక్కటే అడిగింది, "లేవడానికి వీలుగా ఉండేది చూడమ్మా" అని. నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా, కింద గీత గీసి మరీ.

ఎగ్జిబిషన్‌లో రెండో రోజు సాయంత్రం. పొద్దుటినుంచీ తిరిగి తిరిగి అరికాళ్లు మండిపోతున్నాయి. అప్పుడు కనిపించింది అది. నాచు రంగు వెల్వెట్, ముందు అంచు నుంచి వీపు దాకా బాగా లోతైన సీటు, కనీకనిపించని పొట్టి కాళ్లు, ఈకలు నింపిన కుషన్లు. చిన్న వేదిక కట్టి, సరిగ్గా దాని అంచున పెట్టారు. వెళ్లి కూర్చున్నాను. పాదాలు వేదిక కింద, హాలు నేల మీద హాయిగా ఆనాయి. లేచి చూశాను, ఏ ఇబ్బందీ లేదు. పెద్దావిడకీ సరిపోతుందనుకున్నాను.

ఎక్కడ మోసపోయానో నీకు అర్థమయ్యే ఉంటుంది. సోఫా నిలబడింది వేదిక మీద, నా పాదాలున్నది దాని కింద. సీటు అసలు ఎత్తు 38 సెంటీమీటర్లు. వేదిక ఇంకో పది. ఆ పదీ సోఫావే అనుకుంది నా ఒళ్లు. పైగా అప్పుడు నా కాళ్లున్న స్థితికి రాతిబండ మీద కూర్చోబెట్టినా పట్టుపరుపనే అనేదాన్ని.

సంచిలో టేపు ఉందా అంటే ఉంది. తీయలేదు. పక్కనే పేరున్న డిజైనర్లు ఇద్దరు నిలబడి అదే సోఫాని చూస్తూ ఏదో మాట్లాడుకుంటున్నారు. వాళ్ల ముందు వంగి టేపు పెట్టి కొలిస్తే కొత్తదాన్నని తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. వాళ్లకంటే ముందే ఆర్డరిచ్చేసి, ఏదో గెలిచినట్టు బయటికి నడిచాను.

సోఫా వచ్చిన రోజు ఇల్లంతా సంబరం. పెద్దావిడని మధ్యలో కూర్చోబెట్టారు. నవ్వుతూ చెయ్యి వెల్వెట్ మీద అటూ ఇటూ రాసింది. కాసేపటికి లేవబోయింది. లేవలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మూడోసారి కొడుకు వచ్చి రెండు చేతులూ పట్టుకుని లేపాడు. ఆవిడ నా వైపు చూసి "బాగుందమ్మా, మెత్తగా ఉంది" అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కర్టెన్ల కోసం, దీపాల కోసం ఎప్పుడు వెళ్లినా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చుకుని, సోఫా పక్కన కూర్చుని ఉండేది. నా డబ్బుతో ఐదు సెంటీమీటర్లు పొడుగున్న కాళ్లు వేయించాను. ఎత్తు కాస్త పెరిగింది, లోతు ఎక్కడికి పోతుంది? వీపు ఆనించి కూర్చుంటే పాదాలు నేలకి అందవు, పాదాలు ఆనిస్తే వీపుకి ఆసరా ఉండదు. ఈకలు తీయించి గట్టి ఫోమ్ పెట్టిస్తే, మెత్తటి కుషన్‌కని కుట్టిన కవరు ముడతలు పడిపోయింది. ఆ గది ఫొటోలు చూసి చాలామంది మెచ్చుకున్నారు, ఆ ఫొటోల వల్లే నాకు తర్వాతి పనులూ వచ్చాయి. ఫొటో తీసే ముందు ఆ డైనింగ్ కుర్చీని పక్కకి జరిపింది నేనేనే బుజ్జీ.

అందుకే చెప్తున్నాను, టేపు సంచిలో కాదు, చేతిలో పట్టుకుని తిరుగు. వేదిక ఉంటే రెండు కాళ్లతో దాని మీదికెక్కి కూర్చో, అంచున కూర్చోకు. మామూలుగా సీటు ఎత్తు 43 నుంచి 46 సెంటీమీటర్లు ఉంటుంది. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లకి 48 దాకా ఉన్నా మంచిదే, కాకపోతే సీటు గట్టిగా ఉండాలి, చేతులు ఆనించి లేవడానికి పక్కన ఆసరా బలంగా ఉండాలి. లోతు 53 నుంచి 56 అయితే నిటారుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. 60 దాటిందంటే కాళ్లు పైకి పెట్టుకుని పడుకోవడానికే. కొలిచేటప్పుడు ఎవరినైనా కూర్చోబెట్టి కొలువు, ఖాళీ కుషన్ ఎత్తు లెక్కలోకి రాదు. నచ్చినదాని దగ్గరికి మర్నాడు పొద్దున్నే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు మళ్లీ వెళ్లు. పది నిమిషాలు కూర్చుని, చేతులు వాడకుండా లేవగలవేమో చూడు. నువ్వు లేవగలిగినంత మాత్రాన సంబరపడకు. నువ్వు తాటిచెట్టంత పెరిగావు, ప్రపంచమంతా నీ కాళ్లతో కూర్చోదు.

ఎప్పుడైనా ఈ తిరనాళ్లన్నీ ఇంతే. అమెరికాలో హై పాయింట్ మార్కెట్ అనే ఫర్నిచర్ సంత 1909లో మొదలైంది, ఇటలీలోని మిలాన్‌లో సలోనే అనే ఫర్నిచర్ ఎగ్జిబిషన్ 1961లో. అప్పటినుంచీ అలిసిన కాళ్లకే సోఫాలు అమ్ముతున్నారని నా అనుమానం.

ఇక లోపలి సంగతి. సోఫా అంటే మేడిపండు, పైన బట్ట చూసి మురిసిపోకు. లోపల ఏముందో చూపించే కోత నమూనా ఉందా అని అడుగు. మంచి తయారీదారుకి అది దాచుకోవాల్సిన వస్తువు కాదు. ఫ్రేము ఆరబెట్టిన గట్టి చెక్కా, మూలల్లో దిమ్మలు పెట్టి జిగురుతోనూ స్క్రూలతోనూ బిగించారా, ఒట్టి పిన్నులు కొట్టి వదిలేశారా అని చూడు. వాళ్లు ఒప్పుకుంటే ముందు కాలు ఒకటి జానెడు పైకెత్తు. రెండో ముందు కాలు కూడా వెంటనే లేవాలి. నేలని పట్టుకునే ఉందంటే ఫ్రేము మెలి తిరుగుతోందన్నమాట. స్ప్రింగుల్లో ఒక్కో చుట్టని ఎనిమిది దిక్కులా తాళ్లతో చేత్తో కట్టినవి శ్రేష్ఠమని అందరూ చెప్తారు. నిజమే, కానీ పాము మెలికల్లా ఉండే జిగ్‌జాగ్ స్ప్రింగులు దగ్గర దగ్గరగా, సరిగ్గా బిగించి ఉంటే వాటిని చిన్నచూపు చూడక్కర్లేదు.

ఫోమ్ దగ్గర జాగ్రత్త. సాంద్రత వేరు, గట్టితనం వేరు. సాంద్రత అడిగితే "బాగా గట్టిదండీ" అని జవాబొస్తే ఆ మనిషికి తెలియదనుకో, లేదా నీకు తెలియదని అనుకుంటున్నాడు. రోజూ వాడే సీటుకి ఘనపు మీటరుకి 35 కిలోలకి తగ్గితే తొందరగా గుంట పడుతుంది. ఈకల కుషన్లు కూర్చుని లేచిన ప్రతిసారీ తట్టి సర్దుకోవాలి. ఆ ఓపిక క్లయింటుకి ఉందా అని నువ్వే అడగాలి, అమ్మేవాళ్లు అడగరు.

బట్టకి రాపిడి పరీక్ష అంకె చెప్తారు. మార్టిండేల్ లెక్కయితే ఇంటి వాడకానికి 25,000 రాపిళ్ల పైన చాలు. వైజెన్‌బీక్ అని ఇంకో పరీక్ష ఉంది, దాని అంకెని దీనితో పోల్చకు, రెండింటికీ లంకె లేదు. లక్ష రాపిళ్లకి తట్టుకున్న బట్ట కూడా కిటికీ ఎండకి వెలిసిపోవచ్చు. రంగు నిలుపుదలకి వేరే కొలత ఉంది, 1 నుంచి 8 వరకూ, కిటికీ పక్కనైతే కనీసం 5 ఉండాలి. ఈమధ్య ఎక్కడ చూసినా ఆ ముద్దముద్దల దారపు బూక్లే బట్టే. చూడ్డానికి గొర్రెపిల్లలా ముద్దుగా ఉంటుంది, పిల్లి ఉన్న ఇంటికి మాత్రం వద్దు, ఒక్క గోరు తగిలితే దారం బయటికి లాక్కొస్తుంది. వెల్వెట్‌కి నూగు ఏ వైపు వాలిందో చేత్తో రాసి చూడు. ఆ వాలుని బట్టే ఒకే బట్ట ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా కనిపిస్తుంది. హాలు దీపాల కింద రంగు ఖాయం చేయకు, ముక్క తీసుకుని బయట పగటి వెలుతురులో చూడు. తోలు ముక్కల పొడి అతికించి చేసిన బాండెడ్ లెదర్ ఎంత నిగనిగలాడినా ముట్టుకోకు, పొలుసులు రాలుతుంది.

బట్ట మనమే పంపేట్టయితే, బట్ట పొడుగు సోఫా పొడుగు వెంబడి వచ్చేలా అడ్డంగా తిప్పి వేయొచ్చా అని అడుగు. 137 సెంటీమీటర్ల పన్నా ఉన్న బట్టని నిలువుగా వేస్తే పొడుగు సీటుకి మధ్యలో అతుకు తప్పదు. పెద్ద పువ్వుల డిజైనయితే పువ్వు పువ్వుకి కలపడానికి బట్ట ఎక్కువ పడుతుంది, మీటర్లు వాళ్ల చేతే లెక్క కట్టించి కాగితం మీద తీసుకో. నిప్పుకి తట్టుకుంటుందని పరీక్షించినట్టు చెప్పే పట్టీ ఉందేమో చూడు. డెలివరీ గడువు రాతలో ఉండాలి. అంతే.

ఏవి ఇష్టపడాలో నేను చెప్పను, నీ కన్ను నీది. నాకిష్టమైనవి మాత్రం చెప్తాను. చుట్టూ తిరిగే గుండ్రటి కుర్చీలంటే నాకు ప్రాణం. ఒక గదిలో రెండు వేస్తే, కబుర్లప్పుడు ఇటు తిరుగుతాయి, వానప్పుడు కిటికీ వైపు తిరుగుతాయి. చెవులున్న పాతకాలపు వింగ్ చైర్లూ ఇష్టమే. చలిగాలి తగలకుండా, పొయ్యి వెచ్చదనం పోకుండా పెట్టిన చెవులవి. ఇప్పుడు పొయ్యి లేకపోయినా తల వాల్చి కునుకు తీయడానికి వాటిని మించినవి లేవు. వంపు తిరిగిన సోఫాలు విశాలమైన హాల్లో మహారాణుల్లా ఉంటాయి, మామూలు గదిలో గోడకి ఆనవు, వెనకాల చోటంతా దండగ.

వూమ్ చైర్ ఎక్కడైనా కనిపిస్తే ఊరికే కాసేపు కూర్చో. నోల్ ఫర్నిచర్ కంపెనీ నడిపిన ఫ్లారెన్స్ నోల్ "దిండ్లు నింపిన బుట్టలా ఉండాలి, అందులో ముడుచుకుని కూర్చోవాలి" అని అడిగితే ఆర్కిటెక్టు ఈరో సారినెన్ చేసిన కుర్చీ అది, 1948లో వచ్చింది. ఆవిడ ఎలా కనిపించాలో చెప్పలేదు చూడు, ఎలా కూర్చోవాలనుందో చెప్పింది. నా పెద్దావిడా అదే చెప్పింది, నేనే వినలేదు. మిషెల్ డ్యుకరోయ్ అనే డిజైనర్ చేసిన టోగో సోఫా కూడా కనిపిస్తుందేమో, 1973 నాటిది. లోపల ఫ్రేమే లేదు, అంతా ఫోమ్, నేలకి అతుక్కుని గొంగళిపురుగులా పడుకుని ఉంటుంది. నీ వయసు వాళ్లు దాన్ని చూస్తే వదలరు. మంచి వస్తువే. నేను మాత్రం ఇంతకాలంలో ఒక్క ఇంటికీ దాన్ని సూచించలేదు, చూడగానే ఆ డైనింగ్ కుర్చీ గుర్తొస్తుంది. నా భయం నీకు అంటించాలని లేదు, క్లయింటుకి నప్పితే తీసుకో.

ఇంకో మాట. ఎవరైనా "ఈ ధర ఇవాళే" అని తొందరపెడితే అక్కణ్ణుంచి లేచిపో. ఎవరి ముందయినా టేపు తీయడానికి సిగ్గనిపిస్తే నాకు ఫోన్ చెయ్, స్పీకర్లో పెట్టు, "మా అత్త చాదస్తురాలండీ, కొలవకపోతే ఊరుకోదు" అని చెప్పి కొలువు.

చివరగా నాకో పని చేసిపెట్టు. పోయిన నెలనుంచి నా ఎడమ మోకాలు మాట వినడం లేదు. మీ నాన్నకి చెప్పకు, కంగారు పడతాడు. సీటు 47, లోతు 53కి మించకుండా, చేతులు గట్టిగా, వీపు ఎత్తుగా ఉన్న కుర్చీ ఎక్కడైనా కనిపిస్తే కార్డు తీసుకురా. రంగు నీ ఇష్టం. నాచు రంగు మాత్రం వద్దు.

నీ అత్త