కొత్త ఆండ్రాయిడ్ నా ఫోన్‌కి ఎప్పుడు?

ప్రశ్న: ఆండ్రాయిడ్ 16 పిక్సెల్ ఫోన్లకి 2025 జూన్‌లోనే వచ్చేసింది. నాది వేరే కంపెనీ ఫోన్. రోజూ అప్‌డేట్ నొక్కి చూస్తున్నా రావట్లేదు. ఫోన్‌లో లోపమా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: లోపం కాదండీ. పిక్సెల్ గూగుల్ సొంత ఫోన్, అందుకే ముందు దానికే. మిగతా కంపెనీలు అదే ఆండ్రాయిడ్‌ని తమ ప్రాసెసర్‌కీ, కెమెరాకీ, తమ స్క్రీన్ హంగులకీ సరిపెట్టి పరీక్షించాలి. ఆ తర్వాత కూడా విడతలుగానే వదులుతాయి. తప్పు బయటపడితే మధ్యలో ఆపడానికి. అందుకే ఒకే మోడలైనా విజయనగరంలో స్నేహితుడికి ముందొచ్చి, మీకు వారం ఆగి రావచ్చు.

ముందు సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లో మోడల్ నంబరు చూసి, ఈ అప్‌డేట్ ఇస్తామని కంపెనీ చెప్పిన ఫోన్ల జాబితాలో అది ఉందో లేదో సరిచూడండి. లేకపోతే ఎదురుచూపు వృథా. వాట్సాప్ గ్రూపులో వచ్చే ‘అప్‌డేట్’ ఫైలు మాత్రం అస్సలు ఎక్కించొద్దు!

వచ్చిన రోజున ఫొటోలు, చాట్లు బ్యాకప్ చేసి, స్టోరేజీ కొన్ని జీబీలు ఖాళీ చేసి, చార్జింగ్ సగానికి పైగా ఉంచి, వైఫైలో దించుకోండి. ఒకట్రెండు రోజులు ఫోన్ వేడెక్కి, చార్జింగ్ త్వరగా దిగొచ్చు. లోపల యాప్‌లన్నీ కొత్త వెర్షన్‌కి సర్దుకుంటుంటాయి. కంగారుపడి రీసెట్ చేయొద్దు.