షుగర్ ఉంది, క్రూయిజ్‌కి వెళ్తున్నాం... మధ్యాహ్నం భోజనం మానేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 57. రైసు మిల్లు నడుపుతాను. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. పొద్దున గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 1000 కలిసిన గోలీ, రాత్రి మెట్‌ఫార్మిన్ 500, బీపీకి టెల్మిసార్టన్ 40 వేసుకుంటున్నాను. మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7.6. సింగపూర్‌లో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని పినాంగ్, ఫుకెట్ తిప్పుకొచ్చే నాలుగు రాత్రుల షిప్పు ప్రయాణానికి తీసుకుపోతున్నారు. తిండి అంతా టికెట్లోనేనట, పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా బఫే ఉంటుందట. నోరు కట్టుకోవడం నా వల్ల కాదు. మధ్యాహ్నం మానేసి రాత్రి తృప్తిగా తినొచ్చా? ఎక్కువ తిన్న రోజు పొద్దుటి గోలీ రాత్రి ఇంకోటి వేసుకోవచ్చా? శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. ఇంటి నుంచి జొన్న రొట్టెలు, సకినాలు పట్టుకుపోవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సలహా: నిరభ్యంతరంగా వెళ్లిరండి. కానీ మీరు అనుకున్న రెండు ఉపాయాలూ వద్దు. చాలామంది షిప్పులో ఎక్కువ తింటామేమోనని భయపడతారు. మీ గోలీలు చూస్తే నాకు అంతకన్నా ఎక్కువ భయం మీరు తినకుండా ఉండే పూటలతోనే.

కారణం గ్లిమెపిరైడ్. మీరు తిన్నారా లేదా అని అది చూడదు. పొద్దున వేసుకున్న గోలీ దాదాపు 24 గంటలు క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం మానేస్తే మూడు, నాలుగు గంటలకల్లా చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, చిరాకు మొదలవ్వొచ్చు. అప్పటికి మీరు ఏ ఈతకొలను పక్కనో ఎండలో కూర్చుని ఉంటారు. ఎండ దెబ్బ అనుకొని గదికి వెళ్లి పడుకుంటే ప్రమాదం. రాత్రి ఇంకో గోలీ వేయడం ఇంతకంటే చెడ్డది. విందు వల్ల పెరిగిన షుగర్ నాలుగైదు గంటల్లో దిగుతుంది, గోలీ మాత్రం తెల్లవార్లూ పనిచేస్తుంది. నిద్రలో షుగర్ పడిపోతే పక్కన ఉన్నవాళ్లకు కూడా తెలియదు.

ఒక్కపొద్దు రోజు ఇంట్లో గోలీ సంగతి ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. మామూలుగానే వేసుకుంటుంటే, షిప్పు ఎక్కకముందే మీ డాక్టరుతో మాట్లాడి సరిచేసుకోవాల్సిన సంగతి అది. ప్రయాణంలో శనివారం పడితే ఆ వారానికి ఒక్కపొద్దు వదిలేయమనే నా సలహా.

షుగర్ 70 కంటే తగ్గినా, షుగర్ చూసే యంత్రం దగ్గర లేకుండా పై లక్షణాలు కనిపించినా వెంటనే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి (15 గ్రాములు) నీళ్లలో కలుపుకొని తాగండి, లేదా 150 మి.లీ. మామూలు పళ్లరసం. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి. షిప్పులో ఎటు చూసినా కేకులు, ఐస్‌క్రీములే కాబట్టి చేతికి అవే అందుతాయి. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, ఆ సమయానికి పనికిరావు. గ్లూకోజ్ పొట్లం చొక్కా జేబులోనే ఉండాలి.

ఇక తిండి. బఫే ఎప్పుడూ తెరిచి ఉండటమే అసలు చిక్కు, అందులో ఉన్న వంటకాలు కాదు. కనుక ఏం తినాలన్నదానికంటే ముందు ఎప్పుడు తినాలో ఖాయం చేసుకోండి: పొద్దున 8, మధ్యాహ్నం 1, సాయంత్రం నాలుగున్నరకు చిన్న పలహారం, రాత్రి 7 లోపు భోజనం. రాత్రి భోజనానికి చాలా షిప్పుల్లో రెండు విడతలుంటాయి, ఆరు గంటల ప్రాంతంలో ఒకటి, ఎనిమిది దాటాక ఇంకొకటి. మీ అల్లుడికి చెప్పి ముందుగానే మొదటి విడత తీసుకోమనండి. బల్ల దగ్గరికి వడ్డించే ఆ హాలు బఫే కంటే మీకు మేలు, పరిమాణం వాళ్లే కొలిచి పెడతారు కాబట్టి. సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, ఫుకెట్‌ది గంటన్నర ముందు. గడియారం లెక్కలతో తికమక పడొద్దు. షిప్పు టైము ప్రకారం నడవండి, పొద్దుటి గోలీ పొద్దుటి పలహారంతో, రాత్రిది రాత్రి భోజనంతో.

బఫేలో మొదట ప్లేటు పట్టుకోకుండా ఒక చుట్టు తిరిగి రండి. అక్కడి ప్లేట్లు పెద్దవిగా ఉండొచ్చు, సగం నింపినా కడుపునిండా అవుతుంది. అందులో సగభాగం పచ్చి, ఉడికించిన కూరగాయలు. పావు భాగం పప్పు, గుడ్లు, చేప, చికెన్ లాంటివి. మిగిలిన పావులోనే అన్నమో, రొట్టో. అన్నం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. వండిన అన్నం 150 గ్రాములు, అంటే చిన్న కప్పెడు, దాదాపు 42 గ్రాముల పిండిపదార్థం. పూటకు అంతే మీ లెక్క. అది తీసుకుంటే నాన్, నూడుల్స్, ఆలుగడ్డ ఆ పూటకు లేనట్టే. తినేటప్పుడు కూరగాయలు ముందు, పప్పు లేదా మాంసం తర్వాత, అన్నం చివర. అదే తిండి ఈ వరసలో తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువ ఎగబాకుతుంది.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆసియా షిప్పుల్లో పొద్దున తెల్లటి బియ్యం గంజి పెడతారు. చూడటానికి మన జొన్న అంబలిలా తేలిగ్గా ఉంటుంది. మెత్తగా ఉడికిన బియ్యం కాబట్టి అన్నం కంటే వేగంగా షుగర్ పెంచుతుంది. పొరలు పొరలుగా ఉండే క్రోసాంట్ చేతిలో దూదిలా అనిపిస్తుంది, ఒకదానిలో 230 క్యాలరీలకు పైనే, అందులో సగం వెన్నవే. సలాడ్ మీద పోసే మయొనైజ్ టేబుల్ స్పూనుకు 90 క్యాలరీలకు తగ్గదు. నిమ్మరసం, మిరియాల పొడి అడగండి. ‘హెల్దీ’ అని రాసిపెట్టిన పళ్లరసం పెద్ద గ్లాసులో ఐదారు టీస్పూన్ల చక్కెరకు సమానం. పొద్దున మీకు సరిపోయేది: రెండు గుడ్లు, గోధుమ బ్రెడ్డు రెండు ముక్కలు లేదా పాలతో ఓట్స్ ఒక కప్పు, టమాట, పుట్టగొడుగులు, చక్కెర లేని టీ. తీపి మీద మనసు లాగితే రోజుకు ఒకటి, అదీ భోజనం చివర, మీ ఇంటావిడతో సగం సగం. పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్నవాళ్లే మూడో రోజుకు పళ్లెం నింపుకోవడం ఎక్కువ.

బీపీ ఉంది కాబట్టి ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాములు మించకూడదు. హోటల్ తరహా సూపు ఒక్క గిన్నెలోనే 2 గ్రాముల దాకా ఉండొచ్చు. సోయా సాస్, ఊరబెట్టిన మాంసం, చీజ్ కూడా అదే దారి. వీటిలో రోజుకు ఒక్కటే.

మందు తాగే అలవాటుంటే: ఆల్కహాల్ కాలేయాన్ని చక్కెర వదలనివ్వదు. గ్లిమెపిరైడ్ తోడైతే తాగిన చాలా గంటల తర్వాత, అర్ధరాత్రి దాటాక కూడా షుగర్ పడిపోవచ్చు. మాట ముద్దగా రావడం, తూలడం చూసి చుట్టూ ఉన్నవాళ్లు మత్తు అనుకుంటారు. మానేస్తే మంచిది. మానలేకపోతే 30 మి.లీ. పెగ్గులు రెండు మించకుండా, భోజనంతోపాటే, ఖాళీ కడుపున ఎప్పుడూ వద్దు. నీళ్ల గురించి నల్లగొండ వాళ్లకు సహజంగానే అనుమానం ఉంటుంది, ఫ్లోరైడ్‌తో పడ్డ బాధ అలాంటిది. పెద్ద షిప్పుల్లో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసేసి, క్లోరిన్ కలిపి ఇస్తారు. తాగొచ్చు. ఒడ్డు మీద మాత్రం సీలు ఉన్న సీసాలే.

పినాంగ్‌లో షిప్పు ఆగే స్వెటెన్‌హామ్ రేవు నుంచి జార్జ్‌టౌన్‌లోని లిటిల్ ఇండియాకు నడిచిపోవచ్చు, మన తిండి దొరుకుతుంది. అక్కడి నాసి కందార్ అంటే అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి ముంచేయడం. అన్నం సగం పెట్టించుకొని పులుసు పక్కన పోయమనండి. తే తారిక్ టీలో తీపి గడ్డపాలు పోస్తారు, ‘తే ఓ కొసోంగ్’ అంటే పాలు, చక్కెర లేని టీ ఇస్తారు. ఫుకెట్‌లో మామిడిపండు, కొబ్బరిపాలు, చక్కెర కలిపిన జిగురు అన్నం దొరుకుతుంది. షుగర్ ఉన్నవాళ్లు రెండు చెంచాలు రుచి చూసి ఆపాల్సిన పదార్థం. కోసిన జామ, బొప్పాయి ఒక కప్పు నిక్షేపంగా తినొచ్చు. ఫుకెట్‌లో చాలా షిప్పులు సముద్రంలోనే లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎండలో వరసలో చాలాసేపు నిలబడాల్సి రావచ్చు, భోజనం వేళ దాటిపోయేది అక్కడే.

అందుకే జేబులో ఏదైనా ఉండాలి. అయితే ఇంట్లో చేసిన వంటలు చాలా షిప్పులు లోపలికి రానివ్వవు, షాపు సీలు ఉన్న పొట్లాలు మాత్రమే ఒప్పుకుంటాయి. టికెట్‌తో ఇచ్చిన నిబంధనల్లో చూసుకోండి. ఆ లెక్కన జొన్న రొట్టెలు కుదరవు. పోతే పోయాయి, రెండో రోజుకు ఎండి అట్టముక్కలవుతాయి. సకినాల గురించి నేను జాలిపడను, నూనెలో వేగిన బియ్యప్పిండి అది. వేయించిన శనగలు, పల్లీలు సీలు పొట్లాల్లో తీసుకెళ్లండి, సాయంత్రానికి గుప్పెడు (30 గ్రాములు) చాలు. మసాలా పొడులు తీసుకెళ్తే అందులో గసగసాలు లేకుండా చూసుకోండి, సింగపూర్‌లో అవి నిషేధం.

షిప్పుల్లో తరచుగా వచ్చే వాంతులు, విరేచనాలకు నోరోవైరస్ ముఖ్య కారణం. చేతులకు రాసుకునే శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు కడగాలి. మనం చేత్తో తినేవాళ్లం. బఫేలో వందలమంది పట్టుకున్న గరిటెలు పట్టుకొని, ప్లేటు నింపుకొచ్చి, అదే చేత్తో ముద్ద కలపడం వద్దు. ప్లేటు బల్ల మీద ఇంట్లోవాళ్ల ముందు పెట్టి, మళ్లీ కడుక్కొచ్చి కూర్చోండి.

వాంతులు, విరేచనాలు పట్టుకొని తిండి లోపల నిలవకపోతే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ ఆపాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టన్ కిడ్నీని ఇబ్బంది పెడుతుంది, కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. తినని పూట గ్లిమెపిరైడ్ కూడా వద్దు. మామూలుగా తినడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ మొదలు. ఈ నాలుగు మాటలూ బయలుదేరే ముందు మీ డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. లీటరు నీళ్లకు సరిపడే ఓఆర్‌ఎస్ పొడి పొట్లం ఒకటి లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగండి, షుగర్ ఉన్నా తాగొచ్చు. రంగుల డబ్బాల్లో దొరికే తీపి పానీయాలు దానికి బదులు కావు. షిప్పు ఊపుకు వికారం వస్తుందనుకుంటే ప్రొమెథాజీన్ 25 మి.గ్రా. ముందురోజు రాత్రి వేసుకోవచ్చు. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రొస్టేట్ సమస్య ఉంటే డాక్టరును అడగకుండా వద్దు. మగత వస్తుంది, దాంతోపాటు మందు తాగడం అసలే వద్దు.

గోలీలు, గ్లూకోమీటరు చేతిసంచిలోనే పెట్టుకోండి. ఎక్కేటప్పుడు షిప్పువాళ్లు తీసుకున్న పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. పొద్దున పరగడుపున, మధ్యాహ్నం తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు, పడుకునే ముందు చూసుకోండి. పరగడుపున 80–130, తిన్నాక 180 లోపు ఉంటే బాగున్నట్టే. పడుకునే ముందు 100 లోపు ఉంటే గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తీసుకొని పడుకోండి. 250 దాటితే గోలీ పెంచొద్దు. నీళ్లు తాగి, నడవండి, తర్వాతి పూట భోజనం మానకుండా అందులో అన్నం ఒక్కటి వదిలేయండి. 300 దాటి వాంతులు కూడా ఉంటే షిప్పు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ ఖర్చు ఎక్కువ, కాబట్టి పాత జబ్బులకు వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి. సముద్రపు గాలి తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి, డబ్బా మూత వెంటనే బిగించండి. పండు తిన్న వేలు కడగకుండా గుచ్చితే లేని షుగర్ చూపిస్తుంది.

ప్రతి భోజనం తర్వాత డెక్కు మీద పదిహేను నిమిషాలు నడవండి, నాలుగైదు అంతస్తుల లోపైతే లిఫ్టు ఎక్కొద్దు. కొలను చుట్టూ వట్టి కాళ్లతో మాత్రం తిరగకండి. ఎండకు కాగిన నేల ఎనిమిదేళ్ల షుగర్ పాదాలకు తెలియకుండానే బొబ్బలు లేపుతుంది.

ఇంటికొచ్చాక బరువు కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తే అందులో కొంత ఉప్పు పట్టి ఉంచిన నీరే, వారంలో దిగుతుంది. వారం తర్వాత కూడా పరగడుపు షుగర్ 150 పైనే ఉంటే మీ డాక్టరును కలవండి. వచ్చిన వెంటనే హెచ్‌బీఏ1సీ చేయించడం దండగ, మూడు నెలల గడువుకే చేయించండి.