పదిహేను రోజుల పట్టుదల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 46. ఉండేది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, ఆఫీసు రాయదుర్గం. రెండేళ్ల కిందట షుగర్ బయటపడింది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సి) 7.6 శాతం ఉందని, రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. భయపడి ఐదు వేలు పెట్టి బూట్లు కొన్నాను. కేబీఆర్ పార్కులో నడకకు పాస్ తీసుకున్నాను. పొద్దున ఐదింటికి అలారం. పదిహేను రోజులు బ్రహ్మాండంగా సాగింది, తర్వాత ఆగిపోయింది. ఇలా మూడుసార్లు అయింది. మా ఆవిడ ‘ఆరంభశూరుడు’ అంటోంది. నాకు నిజంగానే పట్టుదల లేదా?

జవాబు: ఆగిపోయిన పనిని మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టారు. అలాంటి మనిషికి పట్టుదల లేదనడం న్యాయం కాదు. చిక్కంతా మిమ్మల్ని నడిపించిన కారణంలోనూ, మీరు ఎంచుకున్న చోటులోనూ ఉంది.

ముందు కారణం సంగతి చూద్దాం. రిపోర్టు చేతికొచ్చిన రోజు పుట్టే భయం మనిషిని మంచం మీంచి లేపుతుంది, కానీ దానికి ఆయుష్షు తక్కువ. రెండు వారాలు నడిచాక పరగడుపు అంకె కాస్త దిగుతుంది. అంకెతో పాటే భయమూ దిగుతుంది, దాని వెనకే నడకా పోతుంది. డాక్టర్ చెప్పారనో, ఇంట్లో పోరు పడలేకో చేసే పనులదీ అదే దారి. మార్పు నిలవాలంటే మూడు కావాలని ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నారు: ఇది నేను తీసుకున్న నిర్ణయమే అన్న భావం, ఇది నా చేతనవుతుందన్న నమ్మకం, నావాళ్లు పక్కనున్నారన్న ధైర్యం. మీ నడకలో మొదటిది లేదు. ‘ఆరంభశూరుడు’ అన్న మాటతో మూడోదీ పలచబడింది.

సొంత కారణం తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కాగితం మీద 0 నుంచి 10 దాకా గీత గీయండి. నడక మీకు ఎంత ముఖ్యమో గుర్తు పెట్టండి. 6 వచ్చిందనుకుందాం. ‘10 ఎందుకు కాలేదు’ అని అడిగితే సాకులే వస్తాయి. ‘3 ఎందుకు కాదు, 6 ఎందుకు’ అని అడగండి. ‘మెట్లెక్కితే ఆయాసం వస్తోంది’, ‘అమ్మాయి పెళ్లిలో రోజంతా నిలబడాలి’ లాంటివి బయటికొస్తాయి. అవి మీ కారణాలు. వాటిని మీ చేత్తోనే రాసుకోండి. మద్యం మానలేని వాళ్లతో మాట్లాడటానికి విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన పద్ధతి నుంచి పెరిగిన ప్రశ్న ఇది. దాని కిందే ఇంకో గీత గీసి, ‘రేపటి నుంచి చేయగలనన్న నమ్మకం ఎంత’ అని అడుక్కోండి. 7 కంటే తక్కువ వస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 7 వచ్చేదాకా పనిని తగ్గించండి.

ఇక చోటు. కేబీఆర్ పార్కు మంచిదే, కానీ మీ కాలనీ నుంచి బండి తీసి బంజారాహిల్స్ దాకా పోయి రావాలి. నలభై నిమిషాల నడకకు రెండు గంటలు పోతాయి. ఒక వాన, రాత్రి పొద్దుపోయేదాకా ఒక ఆఫీసు కాల్ చాలు, అంతా తెగిపోతుంది. ఐదింటి అలారం మోగాక జరిగేది కూడా గమనించండి. దుప్పటి తీయాలా, సాక్సు ఎక్కడుంది, బండి తాళం ఎక్కడుంది, బయట తుంపర పడుతోందా? ఒక్కో ప్రశ్న దగ్గర ‘రేపు చూద్దాం’ కాచుకుని ఉంటుంది.

అందుకని పొద్దుటి నడక ఇప్పటికి వదిలేయండి. రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కోగానే చెప్పులేసుకుని కిందికి దిగండి. పది నిమిషాలు చాలు. చెప్పులు గుమ్మం బయట ర్యాకులో కాదు, చేతులు కడిగే సింకు పక్కనే పెట్టుకోండి. ‘వీలున్నప్పుడు నడుస్తాను’ అన్న సంకల్పం కంటే ‘చెయ్యి కడగగానే చెప్పులు’ అన్న ముడి గట్టిది. జరిగి తీరే పనికి కొత్త పనిని కట్టేస్తే తలచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. పైగా తిన్న తర్వాతే రక్తంలో చక్కెర పెరుగుతుంది, నడిచే కాళ్ల కండరాలు దాన్ని లాగేసుకుంటాయి. మీ జబ్బుకు ఇంతకంటే మంచి వేళ లేదు. రెండు వారాల తర్వాత పదిహేను నిమిషాలు చేయండి. నెల దాటాక, సాయంత్రం మెట్రోలో వస్తే కూకట్‌పల్లి స్టేషన్‌లోనే దిగి కేపీహెచ్‌బీ దాకా నడవండి. వారానికి 150 నిమిషాలకు చేరడమే గమ్యం. ఇన్సులిన్ తీసుకుంటూ ఉంటే షుగర్ పడిపోకుండా ఏం చేయాలో ముందే డాక్టర్‌ను అడగండి.

‘21 రోజులు చేస్తే అలవాటైపోతుంది’ అన్న మాటను నమ్మకండి, అది చాలామందిని ముంచింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని లెక్క తేలింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది (12 వారాలు దాటినవి అంచనా లెక్కలు). మీరు పదిహేనో రోజున ఆగారు, అంటే అలవాటు ఇంకా పుట్టనే లేదు. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. వరుసగా రెండో రోజు మాత్రం తప్పనివ్వకండి. మీ ఆవిడను కూడా రమ్మనండి. నడుస్తూ ఆ పది నిమిషాలూ షుగర్ మాట ఎత్తొద్దు.

ప్రశ్న: సార్, నాకు 29. గచ్చిబౌలిలో ఉద్యోగం, రోజుకు ఎనిమిది సిగరెట్లు. జనవరి ఒకటికి బంద్ చేస్తా, ఉగాదికి బంద్ చేస్తా, వారంలో మళ్లీ మొదలవుతుంది. చాయ్ దగ్గరే దెబ్బ పడుతుంది.

జవాబు: మీ రోగం మీరే పట్టుకున్నారు. కొత్త ఏడాది, పండగ, పుట్టినరోజు మనిషికి ఊపునిస్తాయి, మొదలుపెట్టడానికి వాడుకోండి. వారం తర్వాత పాన్‌డబ్బా దగ్గర నిలబడ్డప్పుడు తేదీ అక్కరకు రాదు. చాయ్ గ్లాసు పెదవికి తగలగానే రెండో చెయ్యి జేబులోకి పోతుంది, మీరు ఆలోచించేలోపే. మూడు వారాలు డబ్బా దగ్గర నిలబడకండి, హోటల్ లోపల కూర్చుని తాగండి. ఎవరైనా ప్యాకెట్ చాపితే ఏమనాలో ఇప్పుడే అనుకోండి: ‘నేను తాగను’. ‘మానేద్దామని చూస్తున్నా’ అంటే బతిమాలడానికి దారి ఇచ్చినట్టే.

తపన ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, నీళ్లు తాగి నాలుగడుగులు వేయండి. చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ వాడేవాళ్లు చేసే తప్పు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలడం. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ, గమ్ నోట్లో ఉన్నంతసేపూ ఏమీ తినకూడదు, తాగకూడదు. చాయ్‌తో పాటు వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తే 2 మిల్లీగ్రాముల గమ్ సరిపోకపోవచ్చు, డాక్టర్‌ను కలవండి.

ఎప్పుడైనా ఒకటి కాల్చేస్తే, ‘ఇక అంతే’ అని ప్యాకెట్ కొనకండి. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరితో అని ఫోన్‌లో రాసుకోండి. తర్వాతిసారి అడ్డుకోవాల్సింది అక్కడే. కేంద్ర ప్రభుత్వ ఉచిత పొగాకు విరమణ నంబరు 1800-11-2356.

ప్రశ్న: ఉప్పల్ నుంచి ఒక తల్లిని. మా అబ్బాయి బీటెక్ అయి ఏడాదైంది. అమీర్‌పేటలో కోచింగ్‌కు చేర్పిస్తే సరిగ్గా పోడు. కోర్సు పూర్తిచేస్తే బండి కొనిస్తామన్నాం. వాడిలో పట్టుదల ఎలా తేవాలి?

జవాబు: బండి మాట వెనక్కి తీసుకోండమ్మా. మొదటి జవాబులో చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త డెసి 1971లో విద్యార్థులకు పజిళ్లిచ్చి, కొందరికి డబ్బిచ్చారు. డబ్బు ఆగాక వాళ్లకే ఆటపై ఆసక్తి తగ్గింది. ఆ కోర్సు ఎంచుకున్నది మీ అబ్బాయా, మీరా? తీరిగ్గా ఉన్నప్పుడు ‘నీ ఇష్టానికి వదిలేస్తే ఏం నేర్చుకుంటావు’ అని ఒక్కసారి అడిగి, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఉండండి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి చెడి, స్నేహితులను కూడా తప్పించుకుంటూ ఉంటే దాన్ని బద్ధకం అనుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.