లాప్‌టాప్‌తో ఊళ్లు తిరగబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నీకి,

మామయ్య ఆశీస్సులు. అరకులో నెల రోజులు, ఆ తర్వాత శ్రీనగర్, అక్కణ్ణుంచి లేహ్ అని నీ ప్రయాణం సంగతి అక్కయ్య చెప్పింది. ఆఫీసు పని మానకుండానే తిరుగుతావట. సంతోషం, తప్పకుండా వెళ్లు. లాప్‌టాప్‌కి పెట్టుకునే నెట్ డాంగిల్ ఏది కొనాలో నన్ను అడగమన్నావట. బ్యాంకు ఇన్‌స్పెక్షన్ల మీద మండలాలు తిరిగి, లాడ్జి గదుల్లో కూర్చుని రిపోర్టులు పంపిన ఉద్యోగం నాది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డాంగిల్ కొనకమ్మా. వెనకట ఫోన్ నుంచి నెట్ పంచుకోవడం ఇంత తేలిక కాదు కాబట్టి లాప్‌టాప్‌కి విడిగా ఒక డాంగిల్, దానికో సిమ్, దానికో బిల్లు ఉండేవి. ఇప్పుడు హాట్‌స్పాట్ ఆన్ చేస్తే నీ ఫోనే ఆ పనంతా చేస్తుంది. ఆ డబ్బుతో గట్టి డేటా కేబుల్ ఒకటి, పవర్ బ్యాంక్ ఒకటి కొనుక్కో.

ఇక అసలు సంగతి. ప్రయాణాల్లో నెట్ ఖర్చు పెరిగేది ప్లాన్ ఖరీదు వల్ల అనుకుంటారు చాలామంది. నేను చూసినంతవరకు ఎక్కువ భాగం మనకు తెలియకుండా లాప్‌టాప్ తాగేసేదే. ఫోన్ హాట్‌స్పాట్‌కీ ఇంట్లో వైఫైకీ దానికి తేడా తెలియదు. కనెక్ట్ అవగానే విండోస్ అప్‌డేట్లు, వన్‌డ్రైవ్, ఫొటోల బ్యాకప్ అన్నీ మొదలుపెడుతుంది. నువ్వు ఒక మెయిల్ చదివి మూసేలోపు ఆ రోజు కోటా అయిపోతుంది. దానికి మనమే చెప్పాలి. విండోస్ సెట్టింగ్స్‌లో నీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే ‘మీటర్డ్ కనెక్షన్’, అంటే లెక్కపెట్టి వాడాల్సిన నెట్, అని ఉంటుంది, అది ఆన్ చెయ్యి. ఆఫీసు వాళ్లు మ్యాక్ ఇస్తే అందులో దాన్ని ‘లో డేటా మోడ్’ అంటారు. అప్పుడు పెద్ద అప్‌డేట్లు చాలావరకు వాటంతట అవి దిగవు. గూగుల్ డ్రైవ్ లాంటివి ఈ మాట వినకపోవచ్చు, వాటిని నువ్వే పాజ్‌లో పెట్టు. అదే సెట్టింగ్స్‌లో ‘డేటా యూసేజ్’ తెరిస్తే ఏ యాప్ ఎంత తిన్నదో కనిపిస్తుంది. బయల్దేరే ముందు వారం రోజులు ఇంట్లోనే ఫోన్ నెట్ మీద పనిచేసి అది చూసుకో. నీకు ఎంత ప్లాన్ కావాలో దుకాణం వాడి కంటే ఆ లెక్కే బాగా చెబుతుంది.

కేబుల్ ఎందుకు కొనమన్నానంటే, ఫోన్‌ని లాప్‌టాప్‌కి వైరుతో కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే వైఫై హాట్‌స్పాట్ కంటే నిలకడగా ఉంటుంది. ఫోన్ బ్యాటరీ దిగిపోదు, మాటల మధ్యలో కాల్ తెగడమూ తక్కువ. ఒక్కటి మాత్రం మరచిపోకు. వైరుతో కలిపినప్పుడు లాప్‌టాప్ దాన్ని ఈథర్‌నెట్, అంటే వైరు నెట్, అనుకుంటుంది. వైఫైకి పెట్టిన మీటర్డ్ గుర్తు దీనికి వర్తించదు, ఇక్కడ మళ్లీ పెట్టాలి.

లెక్క కూడా చెబుతాను. 1 ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు ఆగకుండా నెట్ నడిస్తే 450 ఎంబీ అవుతుంది. ఇద్దరి మధ్య మంచి నాణ్యత వీడియో కాల్‌కి జూమ్ వాళ్లు చెప్పే వేగం పోవడానికి 600, రావడానికి 600 కేబీపీఎస్. వెయ్యి కేబీపీఎస్ ఒక ఎంబీపీఎస్, కాబట్టి రెండూ కలిపితే 1.2 ఎంబీపీఎస్. అంటే గంటకి అర జీబీ పైమాటే. పదిమంది మీటింగ్ అయితే ఇంకా ఎక్కువ. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద నీ మీటింగులన్నీ కెమెరాతో నడవవు. కెమెరా ఆపి, వచ్చే వీడియో కూడా ఆపి మాట ఒక్కటే ఉంచితే ఖర్చు పదో వంతుకి దగ్గరపడుతుంది. ప్రయాణంలో ఉన్నానని ముందే చెబితే ఆఫీసులో ఎవరూ కాదనరు. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో 5 ఎంబీ ఫైలు వెళ్లడానికి పది నిమిషాలు పైనే పడుతుంది. మీటింగ్ మధ్యలో ఆ గతి పట్టకుండా కోటా మీద అదనంగా వేసుకునే డేటా బూస్టర్ ఎంతవుతుందో ముందే చూసి పెట్టుకో.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు రోజు కోటానా, మొత్తం కోటానా అని చూడు. తిరిగేవాళ్లకి వాడకం ఒక్కలా ఉండదు. రైల్లో ఉన్న రోజు పావు జీబీ కూడా ఖర్చు కాదు, మర్నాడు గదిలో కూర్చుంటే 4 జీబీ కావాలి. రోజు కోటాలో మిగిలింది మామూలుగా అర్ధరాత్రితో పోతుంది. అందుకే నెలంతటికీ ఒకేసారి ఇంత అని ఇచ్చే ప్లాన్ నీకు నప్పుతుంది. ‘అన్‌లిమిటెడ్ 5జీ’ అన్న ప్రకటన చూసి ధైర్యపడకు. అది 5జీ సిగ్నల్ ఉన్నంతసేపే. ఊరు దాటి ఫోన్ 4జీలోకి జారిందంటే నీ కోటా కరగడం మొదలవుతుంది, తెర మీద గుర్తు మారినట్టు నువ్వు గమనించవు కూడా.

రెండో సిమ్ తప్పనిసరి, అదీ వేరే కంపెనీది. ఏజెన్సీలో ఒక కొండ మీద ఒక కంపెనీ పలుకుతుంది, పక్క లోయలో ఇంకోటి. బీఎస్ఎన్ఎల్‌ని తీసిపారెయ్యకు. 2025 సెప్టెంబరులో వాళ్ల స్వదేశీ 4జీని దేశమంతటా ప్రారంభించారు, రీచార్జీలూ చవకే. ఈ మధ్య టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం కంపెనీలన్నీ తమ కవరేజి మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టాయి. అరకు దగ్గర నువ్వుండే చోటు వాటిలో వెతుకు. మ్యాపు చూసి ఊరుకోక గది యజమానికి ఫోన్ చెయ్యి. ‘నెట్ వస్తుందా’ అంటే అందరూ వస్తుందనే అంటారు. ‘ఆ గదిలో నిలబడి నాకోసారి వాట్సాప్ వీడియో కాల్ చెయ్యండి అన్నా’ అని అడుగు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంతకంటే నికరమైన పరీక్ష నాకు దొరకలేదు.

విశాఖ నుంచి అరకు రైల్లో పని పెట్టుకోకు. ఆ కొత్తవలస–కిరండోల్ లైను సొరంగాల మయం. అటూ ఇటూ లోయలు చూసుకుంటూ వెళ్లు. మిగతా రైళ్లలో ఫోన్‌ని ఒళ్లో కాకుండా కిటికీ పక్కన పెట్టు, ఇనుప పెట్టెలో సిగ్నల్ లోపలికి రావడం కష్టం. రాయాల్సిన ఫైళ్లు ముందే ఆఫ్‌లైన్‌లో ఉంచుకో, మ్యాపులు కూడా దింపుకో. స్టేషన్లలో రైల్వే వాళ్ల సంస్థ రైల్‌టెల్ ఇచ్చే వైఫై రోజుకి అరగంట ఉచితం. 2021లో డబ్బు ప్లాన్లు పెట్టినప్పుడు 10 రూపాయలకి రోజుకి 5 జీబీ ఇచ్చారు. రైలు ఆలస్యమైతే పెద్ద ఫైళ్లు దింపుకోవడానికి అది చాలా నయం. బ్యాంకు పనులు మాత్రం అలాంటి వైఫైలో వద్దు, నీ సొంత డేటా మీదే చేసుకో.

ఒంటరిగా వెళుతున్నావు కాబట్టి ఇంకో మాట. హాట్‌స్పాట్‌కి నీ పేరు పెట్టుకోకు. చాలా ఫోన్లలో మన పేరే దానికీ వస్తుంది, రైలు పెట్టెలో ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. ఏదో ఒక అంకె పెట్టి, పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టు. ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు, *#06# నొక్కి చూసి కాగితం మీద రాసి అమ్మకివ్వు. ఫోన్ పోతే పోలీసులకి ఫిర్యాదిచ్చి, సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో దాన్ని బ్లాక్ చేయించవచ్చు.

చివరగా శ్రీనగర్, లేహ్ సంగతి. ఇది నువ్వు అడగలేదు కానీ అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఇదే. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లోనూ లదాఖ్‌లోనూ పనిచేయవు. భద్రత కోసం పెట్టిన నియమం అది. రీచార్జ్ ఎంత ఉన్నా అక్కడ దిగగానే ఫోన్ మూగబోతుంది, ఓటీపీలు కూడా రావు. పోస్ట్‌పెయిడ్ అయితే నడుస్తుంది. మనాలి మీదుగా రోడ్డున లేహ్ వెళ్లే ఆలోచన ఉంటే కేలాంగ్ దాటాక చాలా దూరం ఏ సిగ్నలూ ఉండదు, ఆ రోజులకి సెలవు పెట్టెయ్యి.

నీ సిమ్‌లు రెండూ ప్రీపెయిడే అని అక్కయ్య అంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరుని పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకో. అరకు వెళ్లకముందే ఆధార్ తీసుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్లు, అన్నిటిలోకీ చిన్న ప్లాన్ అడుగు. మారగానే నాకో మెసేజ్ పెట్టు.

మీ మామయ్య